డిగ్రీ స్థాయిలో పర్యావరణ శాస్త్రం: బావి నీటి నుంచి న్యాయస్థానం దాకా

డిగ్రీ చదివే ప్రతి విద్యార్థీ పర్యావరణ అధ్యయనాన్ని ఒక పాఠ్యాంశంగా చదవడం రెండు దశాబ్దాలుగా తప్పనిసరి అయింది. పర్యావరణ శాస్త్రాన్నే ప్రధాన విషయంగా ఎంచుకుని బి.ఎస్సీ. పట్టా పొందడం ఇందుకు భిన్నమైనది. మొదటిది అవగాహన కలిగించడానికి ఉద్దేశించినది కాగా, రెండవది గాలిని, నీటిని, నేలను కొలిచి నిర్ధారించే నేర్పును అందిస్తుంది. పర్యావరణ చట్టాల అమలు ఈ రెండవదానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉన్నందున, ఈ తేడాను విద్యార్థులతో పాటు అధికారులు, పాత్రికేయులు కూడా గుర్తించవలసి ఉంది.

తప్పనిసరి పాఠ్యాంశం నేపథ్యం

1976లో జరిగిన 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 48ఎ, 51ఎ(జి) అధికరణాలు అమలులోకి వచ్చాయి. పర్యావరణ పరిరక్షణను మొదటిది రాజ్య విధానంగానూ, రెండవది పౌరుల ప్రాథమిక విధిగానూ పేర్కొన్నాయి. న్యాయవాది ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పు వెలువరిస్తూ, విద్యాసంస్థలలో పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని నిర్దేశించింది. తదనుగుణంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం అన్ని డిగ్రీ కోర్సులకు వర్తించే ఆరు నెలల పాఠ్యప్రణాళికను రూపొందించింది. ఇందులోని 50 బోధనా గంటలను 8 విభాగాలకు కేటాయించారు. చివరి విభాగం పూర్తిగా క్షేత్ర పరిశీలనకు సంబంధించినది. 100 మార్కులలో 25 మార్కులు దీనికే నిర్ణయించారు. జాతీయ విద్యావిధానం 2020కి అనుగుణంగా 2023లో వెలువడిన మార్గదర్శకాలు ఈ పాఠ్యాంశానికి 4 క్రెడిట్లు కేటాయించాయి.

ఒక బావి, నాలుగు శాస్త్రాలు

ప్రధాన విషయంగా చదివేవారికి ఈ శాస్త్రం ఎలా ఉపకరిస్తుందో నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్య చక్కగా వివరిస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించరాదు. ప్రత్యామ్నాయ నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఈ పరిమితి దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లపై గారలు ఏర్పడతాయి. మోతాదు మరింత పెరిగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయి మనిషి నడుము వంగిపోతాడు.

గ్రానైటు శిలల్లోని ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉందని భూగర్భశాస్త్రం చెబుతుంది. క్షారగుణం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో అది సులువుగా కరుగుతుందని రసాయన శాస్త్రం వివరిస్తుంది. శరీరంలో అది ఎక్కడ పేరుకుంటుందో జీవశాస్త్రం తెలుపుతుంది. ఊరిలో ఎవరు ఏ బోరు నీరు తాగుతున్నారో, సురక్షిత నీరు ఎవరికి అందడం లేదో తెలుసుకోవడానికి సామాజిక పరిశీలన అవసరం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు ఉపయోగించి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని రూపొందించింది. అది 'నల్గొండ పద్ధతి'గా ప్రసిద్ధి చెందింది. అయితే నీటిని శుద్ధి చేయగా మిగిలే ఫ్లోరైడ్ మడ్డిని ఎక్కడ పారవేయాలన్నది మరో ప్రశ్న. ఒక పరిష్కారం మరో సమస్యకు దారితీయకుండా చూడటమే పర్యావరణ శాస్త్ర విద్యార్థికి లభించే శిక్షణలోని సారాంశం.

చట్టానికి కావలసిన ఆధారం

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం, 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం, భోపాల్ దుర్ఘటన అనంతరం వచ్చిన 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం నమూనాల సేకరణకు, విశ్లేషణకు అధికారం కల్పిస్తున్నాయి. విశ్లేషణ లోపభూయిష్టమైతే న్యాయస్థానంలో కేసు నిలవదు.

హైదరాబాదు నగరానికి తాగునీరు అందించిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల పరివాహక ప్రాంతంలో ఒక ఆముదం నూనె ఉత్పన్నాల కర్మాగారం ఏర్పాటుపై తలెత్తిన వివాదం ఇందుకు నిదర్శనం. ఈ జలాశయాల పరిరక్షణకు 1996లో జి.ఓ. 111 జారీ అయింది. కర్మాగారానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించగా, అప్పీలులో నిర్ణయం సంస్థకు అనుకూలంగా వచ్చింది. 1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాథరావు వెలువరించిన తీర్పులో సుప్రీంకోర్టు శాస్త్రీయ అంశాలను జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అభిప్రాయానికి నివేదించింది. ఇటువంటి వివాదాలను పరిష్కరించే సంస్థలలో న్యాయమూర్తులతో పాటు శాస్త్ర నిపుణులూ ఉండాలని సూచించింది. ఆయనే అధ్యక్షులుగా ఉన్న లా కమిషన్ 2003లో 186వ నివేదిక ద్వారా పర్యావరణ న్యాయస్థానాలను సిఫారసు చేసింది. 2010లో నిపుణ సభ్యులకు స్థానం కల్పిస్తూ జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది.

ప్రజాభిప్రాయ సేకరణలోనూ ఇదే పరిస్థితి నెలకొని ఉంది. 2006 సెప్టెంబరు 14న వెలువడిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం జిల్లా కలెక్టరు లేదా వారి ప్రతినిధి అధ్యక్షతన ప్రజల అభిప్రాయాలను నమోదు చేస్తారు. వేదికపై చర్చకు వచ్చే నివేదికలోని గాలి, నీరు, జీవవైవిధ్య వివరాలు సరైనవా కావా అని గ్రామస్థుల పక్షాన పరిశీలించగల పట్టభద్రుడు ఊరిలో ఒక్కరున్నా చర్చ స్వరూపమే మారిపోతుంది.

అంకె వెనుక ఉన్న పని

నదీ జలాల కాలుష్యాన్ని సూచించే బి.ఓ.డి. పరీక్షను తీసుకుంటే, నమూనాను 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 రోజులు లేదా 20 డిగ్రీల వద్ద 5 రోజులు ఉంచి, సూక్ష్మజీవులు వినియోగించుకున్న ఆక్సిజన్‌ను లెక్కిస్తారు. నమూనాను చల్లగా ఉంచకుండా ఎండలో గంటల తరబడి జీపులో తీసుకువెళితే, ప్రయోగశాల ఎంత ఆధునికమైనదైనా వచ్చే అంకెకు విలువ ఉండదు. కాలుష్య ఫలితాలను ప్రచురించే పాత్రికేయులు నమూనాను ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు, ఎలా భద్రపరిచారు, ఏ ప్రమాణంతో పోల్చారు అన్న వివరాలు అడగడం మంచిది. ఈ నేర్పు నల్లబల్ల ముందు కూర్చుంటే అలవడేది కాదు. క్షేత్ర పరిశీలనను రికార్డు పుస్తకానికి పరిమితం చేసే కళాశాలలో చదివిన విద్యార్థి చేతికి పట్టా వస్తుంది కానీ పని రాదు.

కోర్సు ఎంపికలో జాగ్రత్తలు

పర్యావరణ శాస్త్రంతో పాటు ఏ విషయాలు చదువుతున్నామన్నది అత్యంత ముఖ్యం. భారత అటవీ సర్వీసు పరీక్ష రాయాలంటే పశుసంవర్ధక–పశువైద్య శాస్త్రాలు, వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతిక శాస్త్రం, గణాంక శాస్త్రం, జంతుశాస్త్రాలలో కనీసం ఒకదానిని డిగ్రీలో చదివి ఉండాలి. లేదా వ్యవసాయం, అటవీ శాస్త్రం, ఇంజనీరింగులలో ఏదో ఒక పట్టా ఉండాలి. పర్యావరణ శాస్త్రం ఈ జాబితాలో లేదు. అడవుల పట్ల మక్కువతో ఈ కోర్సులో చేరిన విద్యార్థి, జాబితాలోని విషయం ఒక్కటీ చదవకపోతే ఆ పరీక్షకే అనర్హుడవుతాడు. ఒకే ప్రధాన విషయం ఉండే విధానంలో రసాయన శాస్త్రం లేదా వృక్షశాస్త్రాన్ని మైనరుగా తీసుకోవడం శ్రేయస్కరం. ఈ సంగతిని ప్రవేశాల సమయంలోనే కళాశాలలు విద్యార్థులకు తెలియజేయాలి.

ఉన్నత చదువులు కొనసాగించదలచిన వారికి ఎం.ఎస్సీ. అనంతరం యు.జి.సి. నెట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం ఒక ప్రత్యేక విషయంగా ఉంది. పర్యావరణ ప్రయోగశాలలు, పరిశ్రమల పర్యావరణ విభాగాలు, ప్రభావ అంచనా నివేదికలు తయారుచేసే సంస్థలకు శిక్షణ పొందిన సిబ్బంది అవసరం ఉంది.

ప్రమాణాలను నిర్ణయించేది చట్టం, వాటిని అమలు చేసేది యంత్రాంగం. బోరు దగ్గర, వాగు గట్టున, పొగగొట్టం పక్కన నిలబడి నిజానిజాలు తేల్చేది మాత్రం శిక్షణ పొందిన పట్టభద్రులే. ఆ శిక్షణకు ప్రయోగశాలను, క్షేత్రాన్ని సమకూర్చడంపై కళాశాలలు, విశ్వవిద్యాలయాలు ప్రత్యేక శ్రద్ధ వహించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.