చలికాలంలో ట్రౌట్ చేపకు గాలం



చేపలు పట్టే ఇంట్లో పుట్టామని చెప్పుకోవడానికి ఈ హాస్టల్‌లో చేరిన కొత్తలో మేము సిగ్గుపడేవాళ్లం. ఎమ్మెస్సీ జువాలజీలో చేరాక, అదే పనిని అమెరికాలో ఎంత శ్రద్ధగా నేర్చుకుంటారో చదివి ఆశ్చర్యపోయాం. ఆ సంగతులు మీకూ చెబుతాం.

ట్రౌట్ చన్నీటి చేప. మన కృష్ణా గోదావరుల వెచ్చని నీటిలో బతకదు. మన దేశంలో కాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్ వంటి కొండ ప్రాంతాల్లో ఉంటుంది. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, శాన్ హువాన్ నదిపై 1962లో పూర్తయిన నవాహో ఆనకట్ట దిగువన, దీన్ని జనవరిలో కూడా పడతారు. గట్టున మంచు పడినా అక్కడ నది గడ్డకట్టదు. ఎందుకంటే నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అన్నిటికన్నా బరువెక్కి అడుగుకు చేరుతుంది. ఆనకట్ట నుంచి వదిలేది ఆ లోతు నీరే.

ఇక్కడ ఎర వానపాము కాదు. గాలపు ముల్లుకు దారం, ఈక చుట్టి పురుగులా తయారు చేస్తారు. దాన్నే ‘ఫ్లై’ అంటారు. చలికాలంలో అక్కడ ట్రౌట్‌కు ముఖ్యమైన మేత మిడ్జ్ అనే పురుగు. చూడటానికి దోమలా ఉంటుంది, కుట్టదు. అందుకే ఆ ఫ్లై బియ్యపు గింజకన్నా చిన్నది.

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారుతుంది. నీరు చల్లబడితే దాని ఆకలి తగ్గుతుంది. నీరు నెమ్మదిగా పారే లోతైన చోట, అడుగుకు దగ్గరగా నిలబడుతుంది. మేత కోసం దూరం పోదు. కాబట్టి ఫ్లై నీటి వేగంతోనే కొట్టుకొచ్చి సరిగ్గా దాని నోటి ముందుకు రావాలి. దారం కాస్త లాగినా చేప ముట్టదు.

రెండు జాగ్రత్తలు కూడా పాటిస్తారు. పట్టి వదిలేసే చేపకు నీటిలోనే ముల్లు తీస్తారు. గడ్డకట్టే గాలి తగిలితే మొప్పలు దెబ్బతింటాయి. బ్రౌన్ ట్రౌట్ చలికాలానికి ముందు గులకరాళ్లలో గుడ్లు పెడుతుంది కనుక ఆ చోట్ల అడుగు పెట్టరు.

సెలవులకు ఇంటికెళ్లి ఇదంతా నాన్నకు చెప్పాం.

“చలికి చేప మడుగులోకి దిగుద్ది, మేత ముట్టదు. ఇది కూడా పుస్తకంలో రాశారేంట్రా?” అన్నారు.

ఒక్క రోజూ బడికి వెళ్లని మనిషి ఆయన. మేము కారణం చదివాం గానీ, చెరువులో చేప ఎక్కడుందో ఇప్పటికీ ఆయనే చూపించాలి.

తమ్ముళ్లూ! మీ ఇంటి పని ఏమిటని ఎవరైనా అడిగితే తల వంచుకోకండి. ఆ పనిలోని మెలకువలు ఇంట్లో అడిగి తెలుసుకోండి. వాటి కారణాలు పుస్తకాల్లో వెతకండి.