కొయ్య ఎముకల కారు

కారుకూ వడ్రంగి పనికీ సంబంధమేమిటన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. మోటారు వాహనాల తొలి దశాబ్దాలలో కొయ్య చట్రంపై లోహపు రేకులు బిగించి కారు పైభాగాన్ని నిర్మించేవారు. ఉక్కు రేకులను యంత్రాలతో అచ్చొత్తే విధానం వ్యాపించిన తరువాత ఆ పద్ధతి క్రమంగా మరుగున పడింది. అయినా పూర్తిగా నశించలేదు. ఇంగ్లండులో తయారైన మోరిస్ మైనర్ ట్రావెలర్ అందుకు చక్కని నిదర్శనం.

అలెక్ ఇస్సిగోనిస్ రూపకల్పన చేసిన మోరిస్ మైనర్ 1948లో విడుదలైంది. మోరిస్ పేరు భారతీయులకు కొత్త కాదు. 2014 వరకు మన దేశంలో తయారైన అంబాసిడర్ కారుకు మాతృక మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మైనర్ కారుకే వెనుక విశాలమైన సామానుగదిని చేర్చిన రూపం ట్రావెలర్. ఇది 1953 నుండి 1971 వరకు తయారైంది. దీని ముందు భాగం ఉక్కు. వెనుక భాగం యాష్ అనే చెట్టు కలపతో చేసిన చట్రం, దానిలో అమర్చిన అల్యూమినియం రేకులు. తరువాత వచ్చిన మినీ ట్రావెలర్‌కు కూడా కొయ్య పట్టీలు ఉండేవి గాని, అవి కేవలం అలంకారం. మైనర్ ట్రావెలర్‌లో మాత్రం కొయ్యే ఎముకలగూడు. వెనుక కప్పు భారాన్ని మోసేది అదే.

యాష్ కలప దెబ్బకు తట్టుకుంటుంది, ఒత్తిడికి విరగక వంగుతుంది. అందువల్లనే సుత్తి పిడులకు, క్రికెట్ వికెట్లకు దానిని వాడతారు. అయితే తేమను సహించే శక్తి దానికి తక్కువ. కలపలో తేమ సుమారు 20 శాతాన్ని మించి నిలిచి ఉంటే శిలీంధ్రాలు ప్రవేశించి దానిని కుళ్లింపజేస్తాయి. ఇది చెదపురుగు చేసే హాని కాదు. నీరు చేసే హాని. పక్క అద్దాలు జరిగే గాడులలోను, నిలువు కమ్మీల పాదాలలోను, వెనుక తలుపుల అడుగున వాననీరు నిలుస్తుంది. పచ్చని నాచు, నల్లని మచ్చలు తొలి హెచ్చరికలు. మొద్దు మొనగల పరికరంతో నొక్కినపుడు కొయ్య మెత్తగా లోపలికి దిగితే అక్కడ చేవ నశించినట్లే.

ఈ దశలోనే యజమానికి ప్రలోభం ఎదురవుతుంది. కుళ్లిన చోట లప్పం నింపి, పైన వార్నిష్ పూస్తే కారు కొత్తదానివలె మెరుస్తుంది. కాని లప్పం భారాన్ని మోయదు. పైపూత లోపలి తేమను బయటికి పోనీయదు. బ్రిటన్‌లో 2018 మే నెల నుండి, పెద్ద మార్పులు చేయని పక్షంలో, నలభై ఏండ్లు దాటిన కార్లలో అత్యధికం వార్షిక తనిఖీనుండి మినహాయింపు పొందాయి. అయినా వాహనాన్ని సురక్షితంగా ఉంచే బాధ్యత యజమానిదే. తనిఖీదారు చూడని లోపాన్ని యజమానే చూడవలసి ఉంటుంది.

ఇంటివద్ద చేయదలచినవారికి ఈ పని అసాధ్యం కాదు. ముందుగా కప్పు కుంగకుండా లోపల ఆధారాలు నిలపాలి. రెండు ప్రక్కలను ఒకేసారి విప్పరాదు. ఒక ప్రక్క విప్పినపుడు రెండవది కొలతలకు సాక్షిగా నిలుస్తుంది. ఊడదీసిన పాత ముక్కలను, ఎంత శిథిలమైనా, పారవేయరాదు. కొత్తవాటికి అవే నమూనాలు. భారం మోసే కమ్మీ కుళ్లితే దానిని పూర్తిగా మార్చడమే క్షేమం. సిద్ధంగా మలచిన యాష్ భాగాలు అమ్మకానికి దొరుకుతాయి. చక్రంపై వంపు తిరిగే ముక్కను మలచడం కష్టం గనుక దానిని కొనడం మేలు.

కొత్త ముక్కలను మొదట జిగురు లేకుండా అమర్చి, తలుపులు సరిగా మూసుకుంటున్నవో లేదో చూడాలి. ఆ తరువాతనే నీటికి చెదరని జిగురు పూసి, తుప్పు పట్టని స్క్రూలతో బిగించాలి. అతుకులలోను, ముక్కల కొనలలోను రక్షక తైలం ఇంకనివ్వాలంటే జిగురు పూయని చోట్లనే పట్టించాలి. చివరగా ఉప్పుకాగితంతో నునుపు చేసి, పలుచని వార్నిష్ పూతలు అనేకం వేయాలి. రుద్దే వేళ ముక్కుకు గుడ్డ కాక, దుమ్మును అడ్డగించే సరైన ముసుగు ధరించాలి.

మరమ్మతు ముగిసినా సంరక్షణ ముగియదు. గాడులను శుభ్రం చేయాలి. నీరు జారే రంధ్రాలను తెరచి ఉంచాలి. వార్నిష్ పగిలిన చోట వెంటనే కొత్త పూత వేయాలి. కొయ్యను నిలిపేది పైమెరుగు కాదు, లోపలి పొడిదనం. కుళ్లును కప్పిపుచ్చినవాడు కారు రూపాన్ని మాత్రమే కాపాడతాడు. దానిని తొలగించినవాడు అందులో ప్రయాణించేవారిని కూడా కాపాడతాడు.