బిడ్డ బరువు పెరిగింది, మరి మందు మోతాదు?



హెచ్.ఐ.వి. ఉన్న బిడ్డకు రోజూ మందు వేస్తున్నా వైరస్ ఎందుకు తగ్గలేదని కొందరు అడుగుతుంటారు. మాత్ర మింగించడం ఒక ఎత్తు. ఆ మందు మరుసటి మాత్ర వేసే వేళ వరకూ రక్తంలో చాలినంత నిలిచి ఉండడం మరొక ఎత్తు. చాలకపోతే వైరస్ అణగదు సరికదా, క్రమంగా ఆ మందుకు లొంగకుండా పోతుంది.

పసిపిల్లల శరీరం కొన్ని మందులను పెద్దవారికంటే త్వరగా ఖర్చు చేసేస్తుంది. చెన్నైలోని క్షయ పరిశోధనా కేంద్రం వారు నెవిరపిన్ వాడే పిల్లల రక్తంలో మందును కొలిచి, 2011లో ఫలితాలు ప్రచురించారు. చిన్న వయసువారిలో మందు తక్కువగా కనబడింది. పుట్టుకతో వచ్చిన జన్యువుల తేడా కూడా ఇందుకు ఒక కారణమని తేలింది.

ప్రభుత్వ ఉచిత ఎ.ఆర్.టి. మందులు 2004 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. మొదటి విడత రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం మాత్రం 2006 నవంబరులో గాని రాలేదు. పిల్లల మాత్రలు లేని రోజుల్లో పెద్దల మాత్రలనే విరిచి ఇచ్చేవారు. విరిచిన ముక్కల్లో మందు సమానంగా ఉంటుందా? ఉండదు.

నేడు నీటిలో కరిగే 10 మిల్లీగ్రాముల డొల్యూటెగ్రావిర్ మాత్ర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 6 కిలోల బిడ్డకు రోజుకు ఒకటిన్నర మాత్ర, 10 కిలోలకు రెండు, 14 కిలోలకు రెండున్నర. 20 కిలోలకు చేరితే పెద్దల 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. అంటే బరువు పెరిగినకొద్దీ మోతాదు మారాలి. కడియం నర్సరీల్లో పనిచేసే మీకు తెలియనిదా, మొక్క ఎదిగితే పాత కవరు చాలదు! అందుకే రాజమండ్రి ఎ.ఆర్.టి. కేంద్రానికి మందులకు వెళ్ళేటప్పుడు బిడ్డను వెంట తీసుకువెళ్ళి తూకం వేయించండి. మోతాదు మీరుగా మార్చవద్దు.

తెల్లవారకముందే పనికి వెళ్ళే తల్లులు మందు వేసే బాధ్యత అమ్మమ్మకో, నాయనమ్మకో అప్పగిస్తారు. మంచిదే. అయితే వేళ, మాత్రల లెక్క ఆమెకు చూపించి చెప్పాలి. మందు వేసిన అరగంటలోపు బిడ్డ వాంతి చేసుకుంటే మళ్ళీ వేయాలని కూడా చెప్పండి.

ఐరన్ టానిక్, కాల్షియం, గ్యాస్ మందులు డొల్యూటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. దానిని వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తరువాతో ఇవ్వాలి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే డొల్యూటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు అవసరమవుతుంది. కాబట్టి ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా బిడ్డ వాడే మందులన్నీ చెప్పండి. ఆ విషయం బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది.

రక్తంలో మందును కొలిచే పరీక్ష అందరికీ చేయరు. వైరల్ లోడ్ పరీక్షే మనకు ఆధారం. మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా చేస్తారు. 1000 దాటితే బిడ్డను కొట్టకండి, తిట్టకండి. మందు మానేసిందనే అనుకోనక్కరలేదు, మోతాదు చాలక కూడా కావచ్చు. అసలేం జరిగిందో కౌన్సిలర్‌తో కూర్చుని చూస్తారు. కొన్ని నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేస్తారు.

సంక్రాంతికి ఊరు వెళ్ళేవారు మాత్రలతోపాటు కేంద్రంవారు ఇచ్చిన పుస్తకాన్ని కూడా సంచిలో పెట్టుకోండి. మాత్రలు అయిపోతే ఆ ఊరికి దగ్గరలోని ఎ.ఆర్.టి. కేంద్రంలో ఆ పుస్తకం చూపించి అడగవచ్చు.