వారెంట్ లేకుండా ఇంట్లో సోదా చేయొచ్చా?

పోలీసులు తలుపు తట్టి, ఇల్లు సోదా చేయాలంటారు. చేతిలో వారెంట్ లేదు. మీరు కాదనొచ్చా?

వారెంట్ లేనంత మాత్రాన సోదా చెల్లదనుకోవద్దు. దర్యాప్తు చేస్తున్న కేసులో ఆలస్యమైతే ఆధారం దొరకదని నమ్మితే అధికారి నేరుగా రావొచ్చు. అయితే గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. రాజ్యాంగంలోని 21వ అధికరణ ప్రకారం చట్టం చెప్పిన పద్ధతి తప్పకూడదు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఏం చెబుతోందంటే..

* సోదాకు కారణాన్ని అధికారి ముందే రాయాలి. 48 గంటల్లోపు ఆ ప్రతిని మేజిస్ట్రేటుకు పంపాలి. దరఖాస్తు చేస్తే మీకూ ఉచితంగా ఇస్తారు.
* కేసుతో సంబంధం లేని ఇద్దరు స్థానికులు సాక్షులుగా ఉండాలి. మీరూ దగ్గరుండి చూడొచ్చు.
* మహిళలను మహిళలే తనిఖీ చేయాలి.
* సోదా, జప్తు మొత్తం వీడియో తీయాలి.
* తీసుకెళ్లే వస్తువుల జాబితా ప్రతి మీకివ్వాలి.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. సోదాలో లోపమున్నా, దొరికిన ఆధారం దానంతటదే చెల్లకుండా పోదని 1973లో పూరణ్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే అక్కడ అడ్డుకుని కొత్త కేసు తెచ్చుకోవద్దు. జాబితా అడిగి తీసుకోండి. అధికారి పేరు, వచ్చిన సమయం రాసిపెట్టుకోండి. లోపాలేవైనా ఉంటే లాయరు ద్వారా మేజిస్ట్రేటు దృష్టికి తీసుకెళ్లండి.