రాకెట్‌ ప్రైవేటుది... పరిహారం ఎవరిది?

హైదరాబాద్‌ అంకుర సంస్థ స్కైరూట్‌ తయారుచేసిన విక్రమ్‌-ఎస్‌ 2022 నవంబర్‌ 18న శ్రీహరికోట నుంచి నింగికెగిసింది. దేశంలో ఓ ప్రైవేటు సంస్థ రాకెట్‌ను ప్రయోగించడం అదే తొలిసారి. 2020లో కేంద్రం అంతరిక్ష రంగంలోకి ప్రైవేటును అనుమతించి, అనుమతులిచ్చే బాధ్యతను ఇన్‌-స్పేస్‌కు అప్పగించడంతో ఇది సాధ్యమైంది. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. 2024లో రాకెట్ల రంగంలో 49 శాతం వరకు విదేశీ పెట్టుబడులకు ప్రభుత్వ ముందస్తు అనుమతి అక్కర్లేకుండా పోయింది.

ఇవన్నీ విధాన నిర్ణయాలే. ప్రమాదం జరిగితే మాత్రం చట్టం కావాలి. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, రాకెట్‌ శకలాలు మరో దేశంలో నేలపై పడి నష్టం కలిగిస్తే తప్పు ఎవరిదన్న దానితో నిమిత్తం లేకుండా ప్రయోగించిన దేశమే పరిహారం చెల్లించాలి. 1978లో సోవియట్‌ ఉపగ్రహం కాస్మోస్‌ 954 కెనడాలో కూలి అణుధార్మిక శకలాలు వెదజల్లింది. ఆ వివాదం 1981లో 30 లక్షల కెనడా డాలర్లకు పరిష్కారమైంది.

మన ప్రైవేటు రాకెట్‌తో అలాంటి నష్టం జరిగితే ఇతర దేశానికి జవాబుదారీ కేంద్రమే. అంటే భారం ప్రజల పన్నులపైనే. కంపెనీ నుంచి ఎంత రాబట్టాలి? బీమా ఎంత ఉండాలి? అది చాలకపోతే మిగతాది ఎవరు భరించాలి? అమెరికా 1984 నుంచే ప్రైవేటు ప్రయోగాలకు చట్టం చేసుకుంది. ఇక్కడ 2017లో ముసాయిదా బిల్లుపై అభిప్రాయాలు కోరినా, అది చట్టంగా మారలేదు. విధానాన్ని మంత్రివర్గం ఎప్పుడైనా మార్చవచ్చు. పార్లమెంటు చేసిన చట్టమైతేనే ఇటు పెట్టుబడిదారుకు, అటు పన్ను చెల్లింపుదారుకు భరోసా.