రెండు ఫోన్లు, ఒక టేపు, ఒక ఆదివారం: ఇబ్రహీంపట్నంలో మీరే నడపగలిగే సైన్స్ వర్క్‌షాప్

ఇబ్రహీంపట్నం పిల్లలకి థర్మల్ స్టేషన్ చిమ్నీలు రోజూ కనిపించేవే. నార్ల తాతారావు థర్మల్ పవర్ స్టేషన్‌లో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. అంటే ఇక్కడ తాతల కాలం నుంచీ కరెంట్ తయారవుతోంది. కానీ అది ఎలా వస్తుందో ఏడో తరగతి పిల్లాణ్ని అడిగి చూడండి. "బొగ్గు కాలుస్తారు" దగ్గర ఆగిపోతాడు. తప్పు వాడిది కాదు. చేత్తో చేసి చూసే అవకాశం వాడికి దొరకలేదంతే.

వీకెండ్ వర్క్‌షాప్‌లు ఉన్నది ఇందుకే. మన దగ్గర ఇది కొత్తేం కాదు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్‌కి కుప్పం దగ్గర పెద్ద క్యాంపస్ ఉంది. వాళ్ల మొబైల్ ల్యాబ్‌లు ఊళ్లకే వెళ్లి ప్రయోగాలు చేయిస్తాయి. జన విజ్ఞాన వేదిక చెకుముకి సైన్స్ సంబరాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం స్కూళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు కూడా వచ్చాయి. ఇవేవీ దగ్గర్లో లేకపోతే? ఫీజు కట్టి రోబోటిక్స్ క్యాంప్‌కి పంపడం ఒక్కటే దారా?

కాదు. మీ జేబులో ఉన్న ఫోన్ ఒక చిన్న ల్యాబ్. మైక్, యాక్సిలరోమీటర్, కొన్ని మోడళ్లలో మాగ్నెటోమీటర్, బారోమీటర్ కూడా ఉంటాయి. వీటన్నిటినీ వాడుకోవడానికి 'ఫైఫాక్స్' అనే ఫ్రీ యాప్ ఉంది. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ పనిచేస్తుంది. ఇక మొదలుపెడదాం.

ప్రయోగం 1: చప్పట్లతో ధ్వని వేగం

దీనికి ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు కావాలి. అందుకే నాన్నా కూతురో, అమ్మా కొడుకో కలిసి చేయడానికి భలే ఉంటుంది. డాబా మీద సరిగ్గా 5 మీటర్ల దూరంలో రెండు ఫోన్లు పెట్టండి. రెండింట్లోనూ ఎకౌస్టిక్ స్టాప్‌వాచ్ ఆన్ చేయండి. మొదటి ఫోన్ పక్కన నాన్న చప్పట్లు కొడితే రెండూ స్టార్ట్ అవుతాయి. కాసేపాగి రెండో ఫోన్ పక్కన అమ్మాయి కొడితే రెండూ ఆగుతాయి.

ఇప్పుడు రెండు టైమ్‌లూ చూడండి. మొదటి ఫోన్‌లో కాస్త ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే మొదటి చప్పుడు రెండో ఫోన్‌కి ఆలస్యంగా చేరింది, రెండో చప్పుడు మొదటి ఫోన్‌కి ఆలస్యంగా చేరింది. అంటే తేడాలో 5 మీటర్ల ప్రయాణం రెండుసార్లు ఉంది. 10ని ఆ తేడాతో భాగించండి. తేడా 0.029 సెకన్లు వస్తే వేగం సెకనుకి సుమారు 345 మీటర్లు. టెక్స్ట్‌బుక్‌లో ఉన్న అంకె పక్కనే!

ఒక జాగ్రత్త: మీ ఇల్లు 65వ నంబర్ జాతీయ రహదారికి దగ్గరైతే లారీ హారన్‌కే స్టాప్‌వాచ్ స్టార్ట్ అయిపోతుంది. యాప్‌లో త్రెషోల్డ్ పెంచండి, లేదా తెల్లవారుజామున చేయండి. కనీసం ఐదుసార్లు చేసి సగటు తీయండి. ఒక్కోసారి ఒక్కో జవాబు ఎందుకొస్తోందని పిల్లలు అడుగుతారు. అసలు సైన్స్ మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే.

ప్రయోగం 2: స్టెబిలైజర్‌లో థర్మల్ స్టేషన్

ఇంట్లో పాత స్టెబిలైజర్ "గుయ్" మంటుంటే దాని దగ్గర ఫోన్ పెట్టి ఆడియో స్పెక్ట్రమ్ తెరవండి. మూత తీయొద్దు, వైర్లు ముట్టుకోవద్దు. వినడమే మన పని. సాధారణంగా 100 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపుల దగ్గర గీతలు పైకి లేస్తాయి. మన కరెంట్ 50 హెర్ట్జ్. ప్రతి సైకిల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్ రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది, అందుకే 100. ఇక 50ని 60తో గుణిస్తే 3000. ఊరి చివర థర్మల్ స్టేషన్‌లో ఆవిరి తిప్పే టర్బైన్ నిమిషానికి తిరిగేది అన్నిసార్లే. చిమ్నీకీ, ఇంట్లో గుయ్‌మనే పెట్టెకీ లింకు దొరికేసింది.

ప్రయోగం 3: కొండపల్లి ఖిల్లా ఎక్కుతూ

మీ ఫోన్‌లో బారోమీటర్ ఉంటే పక్కనే ఉన్న కొండపల్లి ఖిల్లాకి తీసుకెళ్లండి. కింద ఒకసారి, పైన ఒకసారి పీడనం రాసుకోండి. ప్రతి 100 మీటర్ల ఎత్తుకీ దాదాపు 11 హెక్టోపాస్కల్స్ తగ్గుతుంది. మీరెంత ఎత్తు ఎక్కారో పిల్లలే లెక్కేసి చెబుతారు.

ఏ ఫోన్ పనికొస్తుంది?

మొదటి రెండు ప్రయోగాలకీ మైక్ చాలు. డ్రాయర్‌లో పడున్న, స్క్రీన్ పగిలిన ఫోనైనా ఓకే. బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి బారోమీటర్ ఉండదు, కొన్నిటికి జైరోస్కోప్ కూడా ఉండదు. ఫైఫాక్స్ తెరిస్తే మీ ఫోన్‌లో కుదరని ప్రయోగాలు మసకగా కనిపిస్తాయి. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు సెన్సార్లు చెక్ చేయడానికి కూడా ఇది మంచి ట్రిక్.

పెయిడ్ క్యాంప్‌కి పంపాలనుకుంటే

మూడు ప్రశ్నలు అడగండి. కిట్ ఇంటికి ఇస్తారా? పిల్లలు తప్పు చేసి మళ్లీ ప్రయత్నించడానికి టైమ్ ఉంటుందా? అమ్మానాన్నలు పక్కన కూర్చోవచ్చా? మూడిటికీ "లేదు" అంటే మీరు కొంటున్నది ఒక సర్టిఫికెట్, ఒక ఫొటో మాత్రమే.

మా మాట

ఈ సైట్ చదివే మీకు సెన్సార్ల పేర్లు, చిప్‌సెట్ నంబర్లు నోటికి వచ్చు. మీ తమ్ముడికో, అక్క కూతురికో ఫోన్ అంటే రీల్స్, గేమ్స్. "ఫోన్ పక్కన పెట్టు" అని ఇంట్లో రోజూ గొడవే. వచ్చే ఆదివారం ఆ ఫోన్ మీరే తీసి వాళ్ల చేతిలో పెట్టండి, టేపు మీరు పట్టుకోండి. రెండు గంటలు చాలు. ఖర్చు సున్నా.