బండి కదిలినా బడి ఆగకూడదు

ఉయ్యూరులో చెరకు గానుగ మొదలైందంటే ఎవరూ చెప్పనక్కరలేదు, గాలే చెబుతుంది. ఫ్యాక్టరీ గొట్టం నుండి పొగ లేస్తుంది. బందరు రోడ్డు మీద చెరకు బళ్ళు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. బడి నుండి వచ్చే పిల్లలు బండి వెనుక పరుగెత్తి ఒక గడ లాక్కుని నవ్వుకుంటూ పోతారు. ఈ దృశ్యం మనందరికీ తెలిసిందే.

అయితే అదే రోజుల్లో పొలాల గట్ల మీద బరకాలతో, చెరకు ఆకుతో వేసిన గుడిసెలు కూడా లేస్తాయి. కోతలకు మెట్ట ప్రాంతాల నుండి వచ్చిన కుటుంబాలవి. భార్య, భర్త, పిల్లలు, ఒక్కోసారి ముసలి తల్లి కూడా. వంటపాత్రలు, దుప్పట్లు, కోడిపెట్ట, అన్నీ వెంటే వస్తాయి. పని ముగిశాక అన్నీ మూటగట్టి వెళ్ళిపోతారు. ఆ పిల్లలు మాత్రం బడి నుండి వచ్చేవారిలో ఉండరు.

ప్రియ పాఠకులారా, ఇల్లే కదులుతూ ఉంటే పిల్లల చదువు సంగతి ఏమిటి? ఈ నెల ఆ ప్రశ్నను మీ ముందు పెట్టాలని మేము ఆశిస్తున్నాము.

చక్రాల మీద ఇల్లు

అమెరికాలో బంధువులున్న మన కుటుంబాలు అక్కడి వింతలు చెబుతూ ఉంటారు. వాటిలో ఒకటి చక్రాల మీద ఇల్లు. బస్సంత బండిలోనే పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానాల గది అన్నీ ఉంటాయి. సెలవులకు వాడుకునేవారు కొందరైతే, సొంత ఇల్లు అమ్ముకుని ఏడాది పొడవునా అందులోనే కాపురం ఉండేవారు కొందరు. ఈ వారం కొండల దగ్గర, వచ్చే వారం సముద్రం దగ్గర. పిల్లలకు తల్లిదండ్రులే పాఠాలు చెబుతారు.

అక్కడ ఇంటి చదువు చట్టం ఒప్పుకున్న మార్గమే. 1993 నాటికి అమెరికాలోని యాభై రాష్ట్రాల్లోనూ దానికి అనుమతి వచ్చింది. అయితే నిబంధనలు రాష్ట్రానికో విధంగా ఉంటాయి. అంతకు చాలా ముందే, 1906లో, బాల్టిమోరు నగరంలోని కాల్వర్ట్ స్కూలు పాఠాలను తపాలా ద్వారా ఇళ్ళకు పంపడం మొదలుపెట్టింది. పొరుగు దేశాలలో ఉన్న మిషనరీ కుటుంబాలు ఎన్నో ఆ పాఠాల మీద ఆధారపడ్డాయి.

వినడానికి ముచ్చటగా ఉంది. కాని ఇది మనకు పరాయి సంగతి అనుకోనక్కరలేదు. మోటారు లేని రోజుల్లోనే మన కృష్ణా డెల్టాలో కదిలే ఇళ్ళు ఉండేవి.

కాలువ మీద కాపురం

1841లో ఇద్దరు స్నేహితులు బందరుకు వచ్చారు. ఒకరు రాబర్ట్ నోబుల్, మరొకరు హెన్రీ ఫాక్సు. నోబుల్‌గారు ఒక్కచోట నిలిచి 1843లో బడి పెట్టారు. నోబుల్ పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చే విద్యాలయానికి అదే మొదలు. ఫాక్సుగారు గుడారం వేసుకుంటూ ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. ఒకరిది బడి, ఒకరిది బాట. ప్రభువు పనికి రెండూ కావలసి వచ్చాయి.

ఆ తరువాత 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువలు పొలాలకు నీళ్ళు ఇవ్వడమే గాక మనుషులకు దారి కూడా అయ్యాయి. కెనడా బాప్తిస్టు మిషను 1874లో కాకినాడలో పని ప్రారంభించింది. జాన్ క్రెయిగ్‌గారు 1880లో ఆకివీడులో నివాసమున్నారు. తరువాత మన ఉయ్యూరు కూడా ఆ మిషనుకు ఒక స్టేషను అయింది. నల్లరేగడి నేలలో, రోడ్లు లేని రోజుల్లో, ఆ దొరలు, దొరసానులు గూటి పడవల మీద ఊళ్ళు తిరిగేవారు. గట్టు మీద నడిచేవారు తాడు పట్టి లాగితే పడవ సాగేది. రాత్రి ఏ ఊరి రేవులో ఆగితే అక్కడే ఇల్లు. వండుకునేదీ, రాసుకునేదీ, ప్రార్థించేదీ అందులోనే.

ఇక పిల్లల చదువు మాటేమిటి? చిన్నవారికి తల్లులే అక్షరాలు దిద్దించేవారు. పెద్దవారైతే గుండె రాయి చేసుకుని దూరం పంపేవారు. కొందరిని ఓడ ఎక్కించి స్వదేశానికి పంపితే మళ్ళీ ఏళ్ళ తరబడి చూపు ఉండేది కాదు. ఆ బాధ నుండే కొండల మీద బళ్ళు పుట్టాయి. 1899లో కూనూరులో హెబ్రోను బడి, 1901లో కొడైకెనాల్‌లో అమెరికా మిషనరీల పిల్లల బడి మొదలయ్యాయి. ఆ రెండవదే నేటి కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్.

ఇందులో ఒక సంగతి గమనించాలి. ఎంత భక్తిగల తల్లిదండ్రులైనా, ఎంత చదువుకున్నవారైనా, తిరిగే జీవితంలో పిల్లల చదువంతా తామొక్కరే మోయలేకపోయారు. చుట్టూ ఒక సమాజం నిలబడి బడి కట్టవలసి వచ్చింది.

సురభి పిల్లలు

మన తెలుగువారిలోనే మరొక ఉదాహరణ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారితో మొదలైన నాటక సమాజం గురించి విననివారు అరుదు. వారు ఆడే కథలు వేరు, మన విశ్వాసం వేరు. అయినా ఆ కుటుంబాల బ్రతుకు నుండి నేర్చుకోవలసినది ఉంది. తాత, తండ్రి, కోడలు, మనుమడు అందరూ ఒకే సమాజంలో ఉండి, ఊరూరా డేరాలు వేసుకుంటూ తరతరాలు గడిపారు. పిల్లలు నడక నేర్చే వయసుకే రంగస్థలం ఎక్కేవారు. పద్యం, రాగం, మాట స్పష్టత, పది మందితో కలిసి పని చేయడం, ఇవన్నీ పెద్దల ఒళ్ళోనే నేర్చారు. ఆ వంశంలో పుట్టిన రేకందార్ నాగేశ్వరరావుగారికి, బాబ్జీగా అందరికీ తెలిసిన వారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు.

తల్లిదండ్రులు తమ పని తమ పిల్లలకు ఎంత బాగా నేర్పగలరో సురభి చూపిస్తుంది. కాని తండ్రి పని గాక వేరే పని చేయాలనుకునే బిడ్డకు వేరే చదువు కావాలి. అది దొరకాలంటే ఒకచోట ఊపిరి పీల్చుకునే వీలుండాలి. వారిలో అనేక కుటుంబాలు తరువాతి కాలంలో హైదరాబాదు దగ్గర శేరిలింగంపల్లిలో సురభి కాలనీగా స్థిరపడ్డాయి.

వాక్యము ఏమి చెబుతున్నది?

అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు గుడారాలలో నివసించారని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో చదువుతాము. ఇశ్రాయేలీయులు నలభై సంవత్సరాలు అరణ్యంలో ప్రయాణించారు. ఆ కాలంలో పుట్టిన బిడ్డలకు స్థిరమైన గోడ అంటే తెలియదు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలోని ఆజ్ఞ అట్టి ప్రజలకే వచ్చింది. దేవుని మాటలను పిల్లలకు నేర్పుమని, ఇంట కూర్చున్నప్పుడే గాక త్రోవన నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు కూడా వాటిని గూర్చి మాటలాడుమని దేవుడు సెలవిచ్చాడు. దేవుడు తల్లిదండ్రుల నోటినే బడిగా నియమించాడు. కాబట్టి ‘మేము ఊళ్ళు తిరిగేవాళ్ళం, మాకు వీలు కాదు’ అనే సాకు మనకు లేదు.

అకుల, ప్రిస్కిల్లలు గుడారాలు కుట్టుకుని బ్రతికినవారు. రోమా నుండి కొరింథుకు, అక్కడ నుండి ఎఫెసుకు వెళ్ళారు. చదువుకున్న అపొల్లోనే వారు చేర్చుకుని మార్గమును మరింత వివరంగా తెలియజేశారు. మన ప్రభువు సైతం పసిబిడ్డగా తల్లి ఒడిలో ఐగుప్తుకు వలస పోయినవాడే. పొట్ట చేత పట్టుకుని, ప్రాణం చేత పట్టుకుని ఊరు మారే బిడ్డ బాధ ఆయనకు తెలియనిది కాదు.

ఒక తల్లి మాట

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కోతల రోజుల్లో ఆ గుడిసెల ప్రక్క నుండే మేము ఎన్నో ఆదివారాలు ఆరాధనకు వెళ్ళాము. ‘పాపం’ అనుకున్నాము, సాగిపోయాము. క్రిస్మసుకు పాత బట్టలు పంచి మా బాధ్యత తీరిందనుకున్నాము. ఒకనాటి సాయంత్రం మా సంఘపు స్త్రీలు కొందరు అక్కడ కూర్చుని మాట్లాడారు. పదేళ్ళ అమ్మాయి చంకన తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. ఆ రోజు ఎన్ని మోపులు కట్టారో, ఎంత కూలి రావాలో నోటితో లెక్క చెప్పేసింది. చేతిలో సువార్త కరపత్రం పెడితే తలక్రిందులుగా పట్టుకుంది.

‘బడికి పంపకూడదా అమ్మా?’ అని అడిగితే ఆ తల్లి అన్న మాట మాకు ఇంకా వినబడుతూనే ఉంది. ‘చదువు వద్దని కాదమ్మగారూ. మా ఊళ్ళో పేరుంది. మేము ఇటొస్తే అక్కడ పాఠం పోద్ది. ఇక్కడ కొత్తోళ్ళం, ఎవర్ని అడగాలో తెలీదు. ముసలమ్మ దగ్గర వదిలేద్దామంటే ఆమెకే చూపు ఆనదు. మరి ఈ చిన్నోణ్ణి ఎవరు చూత్తారు?’

మా దగ్గర వెంటనే జవాబు లేదు. అమెరికా కుటుంబం ఇష్టపడి ఇల్లు కదిలించుకుంది. బండిలో పుస్తకాలున్నాయి, ప్రక్కన చదువుకున్న తల్లి ఉంది. ఈ తల్లి విధి లేక కదిలింది. బిడ్డ మీద ప్రేమ ఆమెకు ఏమాత్రం తక్కువ కాదు. ఆమెకు లేనివి తీరిక, అక్షరం, ఊళ్ళో తెలిసిన మనిషి. ఈ మూడూ మన సంఘాలలో ఉన్నాయి.

మనము చేయగలిగినవి

మొదట చట్టం ఏమంటుందో తెలుసుకుందాము. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుండి పద్నాలుగేళ్ళ వయసు గల ప్రతి బిడ్డకూ ఉచిత విద్య హక్కు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యత స్థానిక సంస్థల మీద ఉంది. బదిలీ పత్రం ఆలస్యమైందనో, పుట్టిన తేదీ కాగితం లేదనో చేర్చుకోకుండా ఉండకూడదు. మధ్యలో చేరినా వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలి. ఈ సంగతి ఆ తల్లికి తెలియదు. మనలో ఒకరు ఆమెతో కలిసి బడి దాకా నడిచి, ప్రధానోపాధ్యాయునితో మర్యాదగా మాట్లాడితే సగం పని అవుతుంది. సంఘంలో ఉపాధ్యాయులు ఉంటే ఇంకా సులభము.

రెండవది, సాయంత్రపు గంట. మన యౌవనస్థులు వారంలో నాలుగు రోజులు ఒక పలక, ఒక పెద్ద బాలశిక్ష పట్టుకుని గుడిసెల దగ్గర కూర్చుంటే చాలు. వెళ్ళిన మొదటి రోజే పాటలు, ప్రసంగాలు పెట్టవద్దు. ఆ బిడ్డ తన పేరు తాను వ్రాసుకున్న రోజు ఆ ఇంట్లో జరిగే సంతోషమే మంచి సాక్ష్యము.

మూడవది, చంటిబిడ్డల సంగతి. అక్క బడికి పోవాలంటే తమ్ముణ్ణి ఎవరైనా చూడాలి. పగలు ఇంటి దగ్గర ఉండే మన పెద్దమ్మలు వంతులు వేసుకోవచ్చు. దగ్గరలోని అంగన్‌వాడీలో చేర్పించవచ్చు.

నాలుగవది, ఒక నోటు పుస్తకం. ఏ పాఠం వరకు వచ్చింది, ఏ లెక్కలు వచ్చు అన్నది అందులో వ్రాసి బిడ్డతో పంపాలి. సొంత ఊరి బడిలో గాని, మరుసటి కోతల ఊరిలో గాని ఆ పుస్తకం చూసినవారు అక్కడ నుండి సాగించగలరు.

మన పాఠకులలోనూ ఊళ్ళు మారేవారున్నారు. బదిలీల ఉద్యోగులు, సువార్తికులు, పాస్టరుగార్ల కుటుంబాలు ఉన్నారు. పిల్లలను ఇంటి దగ్గరే చదివించాలని ఆలోచించేవారూ అక్కడక్కడ ఉన్నారు. వారికి ఒక మాట. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పద్నాలుగేళ్ళు నిండినవారు పదవ తరగతి స్థాయి పరీక్ష వ్రాయవచ్చు. మన రాష్ట్రంలో 1991 నుండి సార్వత్రిక విద్యాపీఠం ఉంది. అయితే కాగితాల కంటే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. రోజుకు మూడు నాలుగు గంటలు ఎవరు కూర్చుంటారు? ఆ భారమంతా తల్లి మీదే పడుతుందా, తండ్రి కూడా పలక పట్టుకుంటాడా? పిల్లలకు తోటి పిల్లలు ఎక్కడ దొరుకుతారు? వీటికి నిజమైన జవాబులు ఉంటేనే ముందుకు వెళ్ళండి. అయ్యగారు ఆత్మలను సంపాదించడానికి తిరుగుతుండగా ఇంట్లో ఆయన బిడ్డ ఎక్కాలు రాక ఏడ్చిన సందర్భాలు మేము చూచాము.

లోయి, యునీకే అనే అవ్వ, తల్లి తమ ఇంటిలో తిమోతిని సిద్ధపరిచారు. అవ్వ విశ్వాసం, తల్లి విశ్వాసం బిడ్డకు అందాయి. ఆ గుడిసెలోని ముసలమ్మకు చూపు ఆనకపోవచ్చు, ఆ తల్లికి అక్షరం రాకపోవచ్చు. ఆ లోటు పూడ్చడానికే దేవుడు ప్రక్కన ఒక సంఘాన్ని ఉంచాడు.

మళ్ళీ కోతలు వస్తాయి. పుల్లేరు గట్టు దారిన ఆరాధనకు వెళ్ళేటప్పుడు గుడిసె కనబడితే ఈసారి ఆగండి. పిల్లల పేర్లు అడిగి వ్రాసుకోండి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పేర్లను పేరు పేరునా ప్రభువు సన్నిధిలో చెప్పండి. తెల్లవారిన తరువాత బడికి బయలుదేరేటప్పుడు మీ బిడ్డతో పాటు వారినీ పిలుచుకుని వెళ్ళండి. ప్రభువు మన చేతుల పనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.